పోత బుల్లెట్లు: డై మీద .309 అని ఉంది, టార్గెట్ మాత్రం జల్లెడలా ఉంది

మార్లిన్_మూర్తి (డాలస్)

అందరికీ నమస్కారం. మూడు నెలలు తల బద్దలు కొట్టుకుని చివరికి ఇక్కడ అడుగుతున్నాను.

పోయినేడాది సెకండ్ హ్యాండ్‌లో మార్లిన్ 336 లీవర్ రైఫిల్ కొన్నాను, 30-30 తూటాది. మైక్రో-గ్రూవ్ బ్యారెల్, అంటే లోపల బుల్లెట్‌ని తిప్పే గాడులు లోతు తక్కువగా, ఎక్కువ సంఖ్యలో ఉండేది. కొట్లో దొరికే జాకెట్ (సీసం మీద రాగి తొడుగున్న) తూటాలతో 100 గజాల్లో ఐదు దెబ్బలు రెండంగుళాల్లో పడతాయి. లీవర్ రైఫిల్‌కి అంతకన్నా ఏం కావాలి.

బాధంతా నేను సొంతంగా పోసుకున్న బుల్లెట్లతోనే. లైమన్ 311041 మోల్డ్ (అచ్చు), ముక్కు చదునుగా ఉండేది (తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉండే ట్యూబ్ మ్యాగజైన్ కాబట్టి సూది ముక్కు పెట్టకూడదు కదా). సీసం టైర్ షాపు నుంచి తెచ్చిన పాత వీల్ వెయిట్స్, చక్రాలకి తగిలించే బరువులు. అడుగున గ్యాస్ చెక్ (చిన్న రాగి మూత), పైన లిక్విడ్ ఆలాక్స్ మైనం, తర్వాత బుల్లెట్‌ని .309 అంగుళాల కొలతకి తెచ్చే డై లోంచి తోయడం. వేగం సెకనుకు 1600 అడుగుల దగ్గర. ఫలితం: ఆరేడు అంగుళాల గ్రూపు. పోయిన శనివారం రెండు రంధ్రాలు గుండ్రంగా కూడా లేవు, బుల్లెట్ అడ్డం తిరిగి దూరినట్టు పొడుగ్గా ఉన్నాయి. ఇరవై దెబ్బలయ్యాక బ్యారెల్లోకి లైటు వేసి చూస్తే వెండి పూత పూసినట్టు సీసం చారలు.

అమ్మ ఒంగోలు నుంచి వచ్చి ఉంది. గరాజ్‌లో నా పొయ్యీ గరిటే చూసి “పెళ్లి గిన్నెలకి కళాయి వేస్తున్నావట్రా” అంది. ఆ పనైతే ఈపాటికి నాలుగు డబ్బులైనా వచ్చేవి.

సీసం ఇంకా గట్టిది వాడాలా? సలహా చెప్పండి.

సీసం_శీను (అట్లాంటా)

అన్నా, జవాబు నీ ప్రశ్నలోనే ఉంది. వీల్ వెయిట్స్ గట్టిదనం బ్రినెల్ లెక్కలో 11, 12 ఉంటుంది. 1600 అడుగుల వేగంలో మైక్రో-గ్రూవ్ లాంటి పైపై గాడుల మీద అది జారిపోతుంది. లైనోటైప్ (అచ్చుయంత్రాల గట్టి సీసం) కొను. ఆంటిమొనీ 12 శాతం, తగరం 4 శాతం, గట్టిదనం 22. నేను నాలుగేళ్లుగా అదే పోస్తున్నా. ఖరీదే, కానీ తప్పదు.

ఓబులేసు_లేత్ (ఒహాయో)

శీనూ, నీ గ్రూపు ఎంత నాయనా?

సీసం_శీను (అట్లాంటా)

మూడున్నర. ఒక్కోసారి నాలుగు.

ఓబులేసు_లేత్ (ఒహాయో)

సరే, దాని సంగతి తర్వాత చూద్దాం.

మూర్తీ, రెండు ప్రశ్నలు. ఒకటి, సీసం బ్యారెల్లో ఎక్కడ పట్టింది, తూటా పెట్టే వైపా, మూతి వైపా? రెండు, నీ బ్యారెల్ లోపలి కొలత ఎంత? పెట్టె మీద ఉన్నది కాదు, నువ్వు కొలిచింది.

ఎందుకు అడుగుతున్నానంటే, జాకెట్ బుల్లెట్‌కీ పోత బుల్లెట్‌కీ కొలత విషయంలో పోలికే లేదు. జాకెట్‌ది రాగి చొక్కా. అర థౌ, అంటే అంగుళంలో రెండువేలో వంతు, అటూ ఇటూ ఉన్నా బండి నడిచిపోతుంది. ఉత్త సీసానికి ఆ సుఖం లేదు. గాడుల అడుగుకీ బుల్లెట్ పక్కకీ మధ్య సందు ఉంటే మండే గ్యాస్ ఆ సందులోంచి దూసుకుపోతుంది. పోతూ పోతూ సీసాన్ని కోసి, కరిగించి, బ్యారెల్‌కి టంకం పెట్టినట్టు అతికిస్తుంది. తర్వాతి బుల్లెట్ ఆ టంకం మీద రాసుకుంటూ పోతుంది. పదో దెబ్బకి నువ్వు కాలుస్తున్నది వేరే బ్యారెల్.

అందుకని పోత బుల్లెట్ గాడుల కొలత కన్నా ఒక థౌ, కొన్ని రైఫిళ్లలో రెండు థౌలు లావుగా ఉండాలి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, పాతిక మైక్రాన్లు. తలవెంట్రుక మందంలో సుమారు మూడో వంతు అనుకో. బాలానగర్‌లో లేత్ మీద ఉన్నప్పుడు “ఒక్క థౌ కొట్టు” అంటే చాయ్ తాగి వచ్చేలోపు అయిపోయే పని. ఇక్కడ ఆ ఒక్క థౌ కోసమే నీ మూడు నెలలు పోయాయి.

గట్టి సీసం సంగతి కూడా వినండి. కొలత సరిపోని బుల్లెట్ మెత్తగా ఉంటే వెనకనుంచి వచ్చే ఒత్తిడికి కాస్త ఉబ్బి సందు మూసుకునే అవకాశమన్నా ఉంది. గట్టిదైతే అదీ ఉండదు. సన్నగానే వెళ్లి సన్నగానే బయటపడుతుంది.

మార్లిన్_మూర్తి (డాలస్)

పెద్దాయనా, సీసం తూటా వైపే పట్టింది. మొదటి మూడు నాలుగు అంగుళాల్లో దట్టంగా, మూతి దగ్గర దాదాపు లేదు. బ్యారెల్ ఎప్పుడూ కొలవలేదు. ఎలా కొలవాలో తెలీదు కూడా.

ఓబులేసు_లేత్ (ఒహాయో)

మూతి దగ్గర పడితే మైనం అయిపోయిందేమో అని చూస్తాం. మొదట్లోనే పడితే ముందు కొలతనే అనుమానించాలి.

కొలిచే పద్ధతి చెప్తాను. తొందరపడకు.

రైఫిల్లో తూటా లేదని కంటితో చూడు, వేలు పెట్టి చూడు. మార్లిన్‌లో లీవర్ స్క్రూ ఒక్కటి తీస్తే లీవరు, బోల్టు వచ్చేస్తాయి, వెనక నుంచి దారి తెరుచుకుంటుంది. బ్యారెల్ శుభ్రం చెయ్యి. సీసమే కాదు, పాత జాకెట్ బుల్లెట్లు వదిలిన రాగి కూడా పోవాలి. సీసానికి బ్రష్ చుట్టూ గిన్నెలు తోమే రాగి పీచు చుట్టుకుంటే చాలు. కానీ కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూడు. అంటుకుంటే అది రాగి పూత పూసిన ఇనుము, బ్యారెల్ గీసుకుపోతుంది.

తర్వాత చేపల గాలానికి కట్టే మెత్తటి సీసం గుండు తీసుకో. కోడిగుడ్డు ఆకారంలో అమ్ముతారు. బ్యారెల్ కన్నా కాస్త లావుగా ఉండాలి. బ్యారెల్‌కీ గుండుకీ నూనె రాసి, మూతిలో పెట్టి సుత్తితో మెల్లగా లోపలికి దించు. అక్కణ్ణుంచి టేపు చుట్టిన ఇత్తడి కడ్డీతో చిన్న చిన్న దెబ్బలు. సన్నటి పొడుగాటి చెక్క కర్ర వద్దు. అది ఏటవాలుగా చీలి ఇరుక్కుంటే ఆ వారమంతా నన్ను తిట్టుకుంటావు. ఎక్కడ బిగుతుగా ఉందో, ఎక్కడ వదులుగా ఉందో చేతికి తెలుస్తుంది, గుర్తు పెట్టుకో.

వెనక నుంచి గుండు బయటపడ్డాక దాని మీద గట్లు, గాడులు అచ్చు పడి ఉంటాయి. గాడి పడిన చోట్లు గుండు మీద ఎత్తుగా ఉంటాయి. ఎదురెదురు ఎత్తుల మధ్య కొలవాలి. మీ బ్యారెల్‌కి 12 గాడులుండాలి, సరి సంఖ్య, ఇబ్బంది లేదు. ఐదు గాడుల లీ-ఎన్‌ఫీల్డ్ అయితే ఎత్తుకి ఎదురుగా పల్లం వస్తుంది. దానికి వి-ఆకారపు మైక్రోమీటర్ కావాలి.

కరీంనగర్_కుర్రోడు (న్యూజెర్సీ)

మధ్యలో అడ్డం వస్తున్న, ఏమనుకోకండి. నేను హెచ్1బీ మీద ఉన్న. నేను కూడా ఇట్ల మొదలుపెట్టొచ్చా?

పద్మజ_క్యూసీ (షార్లెట్)

తమ్ముడూ, ఆగు. ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఈ అడ్డంకి లేదు. దీని మీద రాష్ట్రాల నియమాలు వేరు, న్యూజెర్సీ అయితే మరీ గట్టి. ఇమిగ్రేషన్ లాయర్‌కి ఫీజు ఇచ్చి అడుగు. మా మాటలు నమ్మి వీసా మీదకి తెచ్చుకోకు.

గచ్చిబౌలి_గురి (హైదరాబాద్)

మన దగ్గరి పిల్లలు కూడా ఇలాంటివి చదువుతుంటారు కాబట్టి ఒక మాట. ఇండియాలో 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా మందుగుండు తయారీ నేరం. ఇంట్లో బుల్లెట్లు పోసుకోవడం ఇక్కడ హాబీ కింద చెల్లదు. కుతూహలానికి చదువుకోండి, అంతే.

మార్లిన్_మూర్తి (డాలస్)

కొలిచాను. గుండు దించేసరికి గంట పట్టింది. మధ్యలో ఒకచోట బిగుతుగా తగిలింది, వెనక సైటు గాడి కోసినచోట అనుకుంటా. కానీ కొలతే అయోమయంగా ఉంది. ఒకసారి .3085, తిప్పి కొలిస్తే .3100, మళ్లీ .3075. నా వెర్నియర్ డిజిటల్, మంచిదే.

పద్మజ_క్యూసీ (షార్లెట్)

మూర్తి గారూ, వెర్నియర్ పక్కన పెట్టేయండి. ఎంత మంచిదైనా ఒక థౌ అటూ ఇటూ చూపిస్తుంది, మీరు వెతుకుతున్నదే ఆ ఒక్క థౌ. పైగా దాని పళ్లు మెత్తటి సీసాన్ని నొక్కేస్తాయి.

ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో స్క్రూ గేజ్ గుర్తుందా? తీగ మందం కొలిచి రికార్డులో రాసేవాళ్లం. అదే కావాలి. థౌలో పదో వంతు చదివే మైక్రోమీటర్. చివర రాచెట్ తిప్పి కొలవండి, వేళ్లతో బిగించకండి. ముందు జీరో ఎర్రర్ చూడండి. ఆ ల్యాబ్ పరీక్షలో నాకు రెండు మార్కులు పోయింది జీరో ఎర్రర్ దగ్గరే. ఇప్పుడు రోజూ అదే ఉద్యోగం.

ఇంకో సంగతి, అడక్కుండానే చెప్తున్నాను. అమ్మగారిని గరాజ్‌లోకి రానివ్వకండి, పిల్లలుంటే అసలు వద్దు. మామూలు పోత వేడిలో సీసం ఆవిరి గురించి అందరూ భయపడతారు గానీ అసలు ప్రమాదం దుమ్ముతో. పైన తేలే మష్టు గీకి పారేసేటప్పుడు లేచే బూడిద, చేతులకంటిన సీసం, అవే చేతులతో తినే జంతికలు. పని అయ్యాక ముందు చల్లటి నీళ్లతో, సబ్బుతో కడుక్కోండి. ఆ బట్టలు విడిగా ఉతకండి. ఆ గరిటె, మూకుడు మళ్లీ వంటింటి మొహం చూడకూడదు. ఏడాదికోసారి రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి. పెద్దవాళ్లకైనా పిల్లలకైనా డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు చేరితే జాగ్రత్తపడాలని ఇక్కడి లెక్క.

ఓబులేసు_లేత్ (ఒహాయో)

అమ్మాయి చెప్పింది ఖాయం. దానికి ఒకటి కలుపుతున్నా. కాగుతున్న సీసంలో నీటిచుక్క పడకూడదు. నుదుటి మీది చెమట చుక్క పడ్డా ఆవిరై పేలి సీసమంతా ఎగజిమ్ముతుంది. డాలస్ ఎండల్లో, అదీ గరాజ్‌లో, ఈ సంగతి మరీ జాగ్రత్త. ముఖానికి అద్దం, చేతులకు తోలు తొడుగులు, కాళ్లకు బూట్లు. చెప్పులేసుకుని సీసం పోసేవాడితో నేను మాట్లాడను.

వీల్ వెయిట్స్‌లో జింక్ ముక్కలు కలిసి ఉంటాయి, ఏరెయ్యి. సీసం 327 డిగ్రీల సెల్సియస్‌లో కరుగుతుంది, జింక్‌కి 420 కావాలి. పొయ్యి అతి వేడి చేయకపోతే జింక్ ముక్కలు పైకి తేలతాయి, గరిటెతో తీసెయ్యొచ్చు. అది కరిగి కలిసిందా, మోల్డ్‌లో మూలలు నిండవు, ఆ కుండెడు సీసం పోయినట్టే.

మార్లిన్_మూర్తి (డాలస్)

మైక్రోమీటర్ వచ్చింది. జీరో సరిచేసి, ఒక్కో చోట మూడుసార్లు కొలిచాను. ఈసారి అంకె కదల్లేదు.

బ్యారెల్ గాడులు .3092.
డై లోంచి వచ్చిన నా బుల్లెట్ .3088.
డైలో తోయకముందు, మోల్డ్ నుంచి పడిన బుల్లెట్ .3108.

అంటే బ్యారెల్ కన్నా బుల్లెట్ సన్నం. మోల్డ్ ఇచ్చిన సరైన బుల్లెట్‌ని పనిగట్టుకుని డైలో తోసి నేనే చెడగొట్టాను. మూడు నెలల నుంచీ.

ఓబులేసు_లేత్ (ఒహాయో)

బాధపడకు అబ్బీ. 30 క్యాలిబర్ గాడి .308 అని కాగితం మీద ఉంటుంది. లోహం కాగితం చదవదు. డై మీద అంకె కూడా అంతే. ఒకే డై లోంచి మెత్తటి బుల్లెట్ ఒకలా, గట్టిది ఒకలా వస్తుంది. గట్టిది దాటాక కాస్త వెనక్కి విప్పారుతుంది. మోల్డ్ సంగతీ ఇదే. ఆంటిమొనీ ఎక్కువుంటే చల్లారినప్పుడు కుదింపు తక్కువ, అదే మోల్డ్ నుంచి బుల్లెట్ కాస్త లావుగా పడుతుంది. అందుకే సీసం మార్చిన ప్రతిసారీ మళ్లీ కొలవాలి.

.311 డై తెచ్చుకో. నీ బుల్లెట్‌ని అది తాకీ తాకనట్టు తాకుతుంది, గ్యాస్ చెక్‌ని మాత్రం నొక్కి కూర్చోబెడుతుంది.

బెజవాడ_బాబాయ్ (విజయవాడ)

నేను తుపాకీ పట్టినవాణ్ణి కాదు, పాత సంగతుల పిచ్చివాణ్ణి. మీ థౌల గోల చూస్తే ఒకటి గుర్తొచ్చింది.

1857 అనగానే మనకు బళ్లో చెప్పింది కొవ్వు పూసిన తూటాలు. గ్రీజు గురించి అందరికీ తెలుసు, గుండు సైజు గురించి ఎవరూ చెప్పరు. ఆ 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ బ్యారెల్ .577, అందులోకి మొదట ఇచ్చిన గుండు .568. మూతి నుంచి కూరే తుపాకీ. నాలుగు దెబ్బలు కాల్చాక మందు మసి పేరుకుంటే మన ఎండలకి అది రాయిలా బిగుసుకునేది, గుండు దిగేది కాదు. తిరుగుబాటు అనుభవం తర్వాత గుండుని .550కి సన్నం చేశారు. కొవ్వు తగ్గించి తేనెమైనం ప్రధానంగా వాడారు. సందు అంత పెరిగినా పనిచేసిందంటే, ఆ గుండు అడుగు బోలుగా ఉండి కాల్చగానే విప్పారి గాడులు పట్టుకునేది.

మీది తిరగేసిన కథ. వాళ్లు లోపలికి దిగాలని సన్నం చేశారు, మీరు సందు లేకుండా ఉండాలని లావు చేస్తున్నారు.

అన్నట్టు శీను గారి లైనోటైప్ పేరు చూసి మనసు ఎటో పోయింది. అది అచ్చుయంత్రం సీసం కదా. మా నాన్న కంపోజిటర్. తెలుగు అక్షరాలు ఒక్కొక్కటీ చేత్తో పేర్చేవాళ్లు, గుణింతాలకీ ఒత్తులకీ కలిపి గూళ్లు గూళ్లు. అరిగిన టైపు కరగడానికి పంపేటప్పుడు ‘క్ష’ ఒకటి నాకు ఆడుకోవడానికి ఇచ్చేవాడు. పద్మజమ్మ చెప్పింది చదివాక ఇప్పుడు భయమేస్తోంది.

సీసం_శీను (అట్లాంటా)

బాబాయ్ సూపర్. నా డబ్బాలో ఇప్పటికీ ఇంగ్లిష్ వార్తల లైన్లు తిరగబడి కనిపిస్తుంటాయి. కరిగించే ముందు అద్దంలో పెట్టి చదువుతా.

మార్లిన్_మూర్తి (డాలస్)

నిన్న .311 డైతో రేంజికి వెళ్లాను. టెన్షన్ మామూలుగా లేదు, పెళ్లిచూపులకి కూడా ఇంత లేదు.

నాలుగున్నర అంగుళాలు. అడ్డం తిరిగిన రంధ్రాలు పోయాయి. సీసం పట్టడం తగ్గింది గానీ పోలేదు, అదే చోట, మొదటి రెండంగుళాల్లో. ఇంకో సమస్య కొత్తగా వచ్చింది. ఇరవైలో మూడు తూటాలు లోపలికి బిగుతుగా వెళ్లాయి, లీవరు గట్టిగా నొక్కాల్సి వచ్చింది.

బుల్లెట్ .3108. బ్యారెల్ .3092. థౌన్నర లావు. పుస్తకం ప్రకారం అంతా సరే. మరి ఏమిటిది?

సీసం_శీను (అట్లాంటా)

నేను మొదట్నుంచీ ఏం చెప్తున్నా? లైనోటైప్.

గచ్చిబౌలి_గురి (హైదరాబాద్)

నాది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, గగన్ నారంగ్‌కి 2012 లండన్‌లో కాంస్యం తెచ్చిన ఈవెంట్. మా పెల్లెట్లు తల కొలతను బట్టి 4.49, 4.50 అని డబ్బాల మీద వస్తాయి. మిల్లీమీటర్‌లో నూరో వంతు తేడా. మేం డబ్బా మీది అంకెను నమ్మం. రైఫిల్‌ని క్లాంపులో బిగించి ఒక్కో బ్యాచ్ కాల్చి, ఏది ఒకే రంధ్రంలో పడితే దాన్నే కొంటాం. ఒకే అంకె ఉన్న రెండు బ్యాచ్‌లు వేరు వేరుగా కొట్టడం నేనే చూశాను.

మీకు నేరుగా పనికిరాదేమో. కానీ మేం పెల్లెట్‌ని చూసినట్టే బ్యారెల్లోకి పంపుతాం, మధ్యలో ఇంకేమీ లేదు. మీ బుల్లెట్‌కి మధ్యలో, మందు నింపి బుల్లెట్‌ని బిగించే ఇత్తడి కేసు ఒకటి ఉంది కదా?

పద్మజ_క్యూసీ (షార్లెట్)

గురి గారు సరిగ్గా అక్కడే వేలు పెట్టారు. మూర్తి గారూ, మీరు బుల్లెట్ ఎప్పుడు కొలిచారు? కేసులో ఎక్కించకముందు. బ్యారెల్లోకి వెళ్లేది మాత్రం ఎక్కించిన తర్వాతి బుల్లెట్.

మా షాపులో ఒక షాఫ్ట్ వరసగా తిరిగొచ్చేది. మేం కొలిస్తే సరిగ్గానే ఉండేది. రెండు వారాల తర్వాత తెలిసింది, మేం కొలిచాక పూత వేసే స్టేషన్లో దాన్ని బిగించే క్లాంపు నొక్కేస్తోందని. అప్పట్నుంచి నాకు ఒకటే చాదస్తం, వస్తువు గేటు దాటే చోట కొలవాలి.

ఒక తూటా తీసుకుని బుల్లెట్‌ని కేసులోంచి ఊడదీయండి. సుత్తిలా ఉండే పుల్లర్ దొరుకుతుంది. ఊడిన బుల్లెట్‌ని, కేసులో మునిగి ఉన్న భాగం దగ్గర కొలవండి.

మార్లిన్_మూర్తి (డాలస్)

పద్మజ గారూ, దండం.

ఐదు ఊడదీశాను. ముక్కు వైపు .3108 అలాగే ఉంది. కేసులో ఉన్న భాగం .3086, .3087, .3085, .3087, .3086.

నేను లావుగా చేసిన బుల్లెట్‌ని కేసు మెడ పట్టి పిసికేసింది.

ఓబులేసు_లేత్ (ఒహాయో)

నేను చెప్పాల్సిన మాట అమ్మాయి చెప్పింది. యాభై ఏళ్ల లేతు నేనూ తూటా దాకా వచ్చి ఆగిపోయాను.

కారణం ఇది. నీ రీలోడింగ్ (కాల్చిన కేసులో మళ్లీ తూటా కట్టే) డై సెట్టు జాకెట్ బుల్లెట్లకి చేసింది. కేసు మెడని ముందు బాగా సన్నం చేసి, తర్వాత లోపలి గుండు బటన్‌తో .307 దగ్గరికి విప్పుతుంది. .308 రాగి బుల్లెట్‌కి ఆ పట్టు హాయిగా సరిపోతుంది. .311 మెత్తటి సీసానికి అది ఉరితాడు. ఇత్తడి సీసం కన్నా ఎంతో గట్టిది, ఆ రెంటి పోట్లాటలో ఓడేది సీసమే. అంచు దగ్గర మైనం కూడా గీకేసి ఉంటుంది.

పోత బుల్లెట్ల కోసం మెట్టున్న ఎక్స్‌పాండర్ దొరుకుతుంది, లైమన్‌వాళ్లు ఎమ్-డై అంటారు. మెడని బుల్లెట్ కన్నా ఒకటి రెండు థౌలు మాత్రమే తక్కువ ఉండేలా విప్పి, అంచు దగ్గర చిన్న మెట్టు చేస్తుంది. బుల్లెట్ నిటారుగా కూర్చుంటుంది, గీసుకోదు.

ఇప్పుడు బిగుతుగా వెళ్లిన మూడు తూటాల సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కాల్చిన కేసు ఒకటి తీసుకో, సైజు చేయకుండా. దాని మూతిలో నీ బుల్లెట్ వేలితో వదిలితే జారి పడాలి. పడకపోతే ఛాంబర్లో, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట, మెడ విప్పారడానికి చోటు లేదన్నమాట. కాల్చినప్పుడు బుల్లెట్‌ని వదలదు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. అలా ఉంటే .310కి దిగు. లావు మంచిదని చెప్పాను గానీ, ఎంత లావైనా మంచిదని చెప్పలేదు.

ఏ భాగం మార్చినా మందు కొలత అచ్చయిన మాన్యువల్లో కనీస స్థాయి నుంచి మొదలుపెట్టు. ఇక్కడ ఎవరైనా మందు లెక్క చెప్తే వినకు, నేను చెప్పినా సరే.

మార్లిన్_మూర్తి (డాలస్)

కాల్చిన కేసులో .3108 బుల్లెట్ జారలేదు, అంచులోనే ఆగింది. .310 డైలో తోసింది (కొలిస్తే .3101) తుపుక్కున పడింది. అయితే .310 ఖాయం. ఎక్స్‌పాండర్ ఆర్డర్ పెట్టాను.

మార్లిన్_మూర్తి (డాలస్)

మూడు వారాల తర్వాత.

బ్యారెల్లో రాగి ఇంకా ఉందని శుభ్రం చేస్తే తెలిసింది. రాగి తీసే ద్రవంలో తడిపిన గుడ్డ నీలంగా రావడం ఆగేసరికి నాలుగు సాయంత్రాలు పట్టింది. తర్వాత అదే వీల్ వెయిట్ సీసం, అదే మోల్డ్, అదే ఆలాక్స్. .310 డై, కొత్త ఎక్స్‌పాండర్. కాల్చే ముందు రెండు తూటాలు ఊడదీసి కొలిచాను: .3099, .3100. ఎక్కించక ముందు .3101. మెడ ఇక నొక్కడం లేదు.

100 గజాలు, ఐదేసి దెబ్బలు, మూడు గ్రూపులు. రెండుంపావు, రెండున్నర, మూడు. ఆ మూడో గ్రూపులో నాలుగు ఒకచోట పడ్డాయి, ఐదోది నేను ట్రిగ్గర్ లాగిన తీరుకి దూరం పోయింది. ఆ నేరం బుల్లెట్ మీద వేయను. లీవరు ఎక్కడా బిగుసుకోలేదు. నలభై దెబ్బల తర్వాత బ్యారెల్లోకి లైటు వేస్తే అద్దం. పొడి గుడ్డ ఒక్కటి దూర్చితే బూడిద రంగు మరక వచ్చింది, సీసం రేకు ఒక్కటి కూడా లేదు.

టార్గెట్ కాగితం ఇంటికి తెచ్చి చూపిస్తే “అన్నీ ఒకేచోట చిల్లులు పడ్డాయేంట్రా, కాగితం బాగోలేదా” అంది అమ్మ.

కరీంనగర్_కుర్రోడు (న్యూజెర్సీ)

అన్నా, గ్రీన్ కార్డు వచ్చినంక ఈ ముచ్చట మళ్ల చదువుకుంట. ఎన్నేండ్లు పడ్తదో ఏమో, చెరిపెయ్యకుండ్రి.

సీసం_శీను (అట్లాంటా)

ఒక మాట చెప్పాలి. నవ్వకండి.

నిన్న రాత్రి ఊరికే నా తూటా ఒకటి ఊడదీశాను. నా బ్యారెల్ గుండు కొలత .3085, డైలో తోశాక బుల్లెట్ .3102. ఊడదీసింది .3079 ఉంది. గట్టిది కదా, పిసకదులే అనుకున్నా. ఆ లైనోటైప్‌ని కూడా పిసికేసింది. నాలుగేళ్లు. లైనోటైప్‌కి పెట్టిన డబ్బు లెక్క మా ఆవిడకి ఎవరూ చెప్పొద్దు.

ఎక్స్‌పాండర్ లింకు మూర్తన్నా, నాకు కూడా పంపు.

ఓబులేసు_లేత్ (ఒహాయో)

మిగిలిన లైనోటైప్ ఏం చేస్తావు శీనూ? నాకు పంపించు, పోస్టేజీ నేనిస్తా. అందులో తిరగేసిన వార్తల లైను ఏదన్నా ఉంటే కరిగించకు, బెజవాడ బాబాయ్‌కి ఉంచుదాం.